చూసినవాడి బాకీ

మా అమ్మ కార్గిల్ యుద్ధాన్ని చూడలేదు, వింది.

1999లో టీవీ మా ఇంటి ముందుగదిలో ఉండేది. మా తమ్ముడు పటాలంలో ఉన్నాడు కాబట్టి ఆ యుద్ధం మా ఇంటిదే అన్నట్టు, రాత్రి వార్తల వేళకి వీధి వీధంతా వచ్చి కూర్చునేది. గుమ్మం నిండా చెప్పులు, అరుగు మీద ముసలివాళ్ళు, నేల మీద పిల్లలు. తెర మీద ఫిరంగి నిప్పు కక్కగానే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. పెద్దవాళ్ళు "అదీ!" అనేవారు. అమ్మ మాత్రం వార్తల సంగీతం మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసుకుని పీట మీద కూర్చునేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. అంతా అయ్యి జనం లేచాక నన్ను పిలిచి "ఏం చెప్పాడే?" అని అడిగేది. తలుపు వెనక నుంచి అన్నీ వినే ఉండేది. అయినా నా నోటితో మళ్ళీ వినేది.

అప్పటికి నేను హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అమ్మది పిరికితనం అనుకున్నాను. ఆమె ఏం చేస్తోందో భీష్మపర్వం మళ్ళీ తీసి చదివేదాకా నాకు తెలియలేదు.

యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడి దగ్గరికి వస్తాడు. చూడాలని ఉంటే కళ్ళిస్తాను అంటాడు. పుట్టుగుడ్డికి అంతకన్నా పెద్ద వరం ఏముంటుంది? ఆయన వద్దంటాడు. నావాళ్ళు చావడం చూడలేను, వింటాను అంటాడు. ఆ చూపు అప్పుడు సంజయుడికి దక్కుతుంది. ధృతరాష్ట్రుడి తప్పులు అన్నీ ఇన్నీ కావు. కొడుకు మీద మమకారంతో వంశాన్నే కాల్చుకున్నవాడు. కానీ ఆ ఒక్క పూట ఆయనకి ఒక సంగతి తెలుసు. వినడం వేరు, చూడడం వేరు. విన్నది లోపల దిగుతుంది. చూసినదాన్ని కళ్ళు ముందుగా రుచి చూస్తాయి. ఆ రుచి ఆయన వద్దన్నాడు. మా అమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి. ఆమె కూడా వద్దంది.

మాది వాడపల్లి. గౌతమి ఒడ్డున, ఎర్రచందనం మూర్తిగా వెలిసిన వెంకటేశ్వరస్వామి ఊరు. పాతకాలంలో నౌకాపురి అనేవారట. ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. ఇప్పుడు శనివారం వస్తే రావులపాలెం నుంచే బళ్ళ బారులు, లొల్ల లాకుల దాకా జనం. 1999లో ఇంత రద్దీ లేదు. తమ్ముడి యూనిట్ ద్రాస్ వైపు కదిలిందని తెలిశాక అమ్మ జూన్ 5న, శనివారం నాడు, మొక్కు మొదలుపెట్టింది. తెల్లవారుజామున గోదాట్లో మునిగి, తడి చీరతో ఏడు చుట్లు. తిరుగుతున్నంతసేపూ పెదవి కదిపేది కాదు. అడిగితే, "ఆయనకి తెలీని సంగతి నేను చెప్పాలా ఏంటి?" అనేది.

తమ్ముడు 1985లో చేరాడు. హైదరాబాదులో గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్లో శిక్షణ. ఫిరంగి దళం. కార్గిల్ నాటికి హవల్దార్. ఉత్తరాలు 56 ఏపీఓ ముద్రతో, నీలం ఇన్‌లాండ్ మీద, గొలుసుకట్టు తెలుగులో వచ్చేవి. ఆ వేసవిలో నలభై రోజులకు పైగా ఒక్కటీ రాలేదు.

యుద్ధం మీద తీసే సీరియళ్ళ గురించి నేను ఆలోచించడం అంతకు పదేళ్ళ ముందే మొదలైంది. 1988లో దూరదర్శన్‌లో చేతన్ ఆనంద్ తీసిన 'పరమవీర్ చక్ర' వచ్చింది. మరుసటి ఏడు 'ఫౌజీ' వచ్చింది. షారుఖ్ ఖాన్ అనే కుర్రాడు దేశానికి పరిచయమైంది అందులోనే. మాకు హిందీ రాదు. అయినా తమ్ముడు కనిపిస్తాడేమో అన్నంత ఆశగా చూసేవాళ్ళం. 'ఫౌజీ'లో చాలామట్టుకు శిక్షణే. కుర్రాళ్ళు పరిగెత్తడం, తిట్లు తినడం, నవ్వుకోవడం. అమ్మకి ఆ సీరియల్ ఇష్టం. "పాపం, వాళ్ళకి కూరేం వేస్తారో" అనేది. అందులో షారుఖ్ పాత్ర పేరు అభిమన్యు. అవే రోజుల్లో ఆదివారం పొద్దున్న బి.ఆర్. చోప్రా 'మహాభారత్' నడుస్తోంది. ఒక తెర మీద ఒక అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళ్ళి చస్తాడు, ఇంకో అభిమన్యు చదువు పూర్తి చేసుకుని నవ్వుతూ బయటికి వస్తాడు. శిక్షణ అయ్యాక ఆ కుర్రాళ్ళు ఎక్కడికి వెళ్ళారు అనే ప్రశ్న అప్పుడు మాకు రాలేదు. పదేళ్ళకి మా ఇంటికే వచ్చింది.

2020లో కరోనా తాళాల వేళ, మా మేనల్లుడు టీవీలో 'అవరోధ్' పెట్టాడు. 2016 సెప్టెంబరు 18న ఉరీలో మన శిబిరం మీద జరిగిన దాడి, దానికి జవాబుగా ఆ నెలాఖరున మన సైనికులు నియంత్రణ రేఖ దాటి చేసిన దాడి, ఇదీ కథ. బాగా తీశారు. తమ్ముడు అప్పటికి రిటైరై పదకొండేళ్ళు. కుడి చెవి సరిగ్గా వినపడదు, ఫిరంగులు పేల్చిన చాలామందికి ఉండే బాధే. రెండు భాగాలు చూశాడు. మూడోది మొదలవుతుండగా లేచి చొక్కా తగిలించుకుని గట్టు మీదకి వెళ్ళిపోయాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. చాలాసేపటికి అన్నాడు:

"వీళ్ళు మరీ తొందరగా మాట్లాడతారక్కా. అంత ఎత్తున ఒక మాట అనాలంటే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి."

తర్వాత ఇంకొకటి చెప్పాడు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా చెప్పనిది. "మేం వేసిన గుండు ఎక్కడ పడిందో మాకు తెలీదు. బోఫోర్స్ గుండు ఒక్కొక్కటి నలభై కేజీల పైన. ఎత్తి, పెట్టి, పేల్చి, మళ్ళీ ఎత్తడం. అది ఇరవై కిలోమీటర్ల అవతల కొండ వెనక పడుతుంది. ముందు ఎక్కడో ఒక ఆఫీసరు దుర్భిణీతో చూస్తుంటాడు. వైర్‌లెస్‌లో చెప్తాడు, ఇంకో రెండొందల మీటర్లు ముందుకి, ఇంకో వంద ఎడమకి. సరిచేసి మళ్ళీ పేల్చేవాళ్ళం. 'సరిగ్గా పడింది' అంటే సంతోషం. దేని మీద పడిందో, ఎవరి మీద పడిందో మేం చూడలేదు. మీరు టీవీలో చూశారు. మేం చూడలేదు."

ఆ కొండల మీద ఆ రెండు నెలల్లో మన ఫిరంగులు పేల్చినవి 2,50,000కు పైగా గుళ్ళు, రాకెట్లు. వాటిలో మా తమ్ముడి చేతుల మీదుగా వెళ్ళినవి ఎన్నో వాడికీ తెలియదు.

నేను గట్టు మీద అలాగే నిలబడిపోయాను. ధృతరాష్ట్రుడు ఎవరో, సంజయుడు ఎవరో అంతవరకు నాకు తెలుసనుకున్నాను. యుద్ధం చేసినవాడు గుడ్డివాడు. దుర్భిణీలో చూసేవాడు సంజయుడు. ఇంట్లో పకోడీలు తింటూ ముందుగదిలో కూర్చున్న మేము ఎవరం?

పెద్దలు ఒక మాట చెబుతారు. చేసినవాడు, చేయించినవాడు, ఉసిగొల్పినవాడు, బాగుందని మెచ్చుకున్నవాడు, నలుగురికీ ఫలంలో వాటా ఉంది. పుణ్యమైనా అంతే, పాపమైనా అంతే. నాలుగోవాడిని అనుమోదకుడు అంటారు. చేతికి మట్టి అంటనివాడు. ధర్మశాస్త్రం వాడిని వదలలేదు.

మా మరదలు ఈ మాట ఒప్పుకోదు. "కథే కదా వదినా. నటులే కదా. రక్తం కూడా రంగేగా" అంటుంది. లంకా దహనం గురించో కురుక్షేత్రం గురించో అయితే నేనూ ఒప్పుకుంటాను. ఆ యుద్ధాలు ముగిశాయి. మన చప్పట్లు అక్కడికి చేరవు. కానీ ఈ కాలపు సైనికుల కథ అలాంటిది కాదు. తెర మీద చచ్చిన శత్రువుకి తెర అవతల నిజంగా ఒక ఊరు ఉంది. మన సైనికుడిగా నటించినవాడి వెనక నిజంగా ఒక సైనికుడు ఇప్పటికీ కాపలా కాస్తున్నాడు. అమెరికాలో 2005లో 'ఓవర్ దేర్' అనే సీరియల్ వచ్చింది. ఇరాక్‌లో యుద్ధం నడుస్తుండగానే ఆ యుద్ధం మీద కథ అల్లి వారం వారం చూపించారు. పదమూడు భాగాలు వచ్చి ఆగిపోయింది. యుద్ధం మాత్రం ఆగలేదు. నడుస్తున్న యుద్ధం మీద మనం ఇచ్చే మెప్పు గాలిలో కలిసిపోదు. అది దేశం మనసుగా మారుతుంది, ఆ మనసు చూసుకునే ఏలేవాళ్ళు తర్వాతి అడుగు వేస్తారు. అందుకే కథే కదా అని నేను అనలేను.

అలాగని చూడకూడదని కూడా అనలేను. కార్గిల్‌కి ముందు తమ్ముడు సెలవు మీద వస్తే రైల్లో ఇనప ట్రంకుపెట్టె మీద కూర్చుని రెండు రాత్రులు ప్రయాణం చేసేవాడు. ఎవరూ జరిగేవారు కాదు. కార్గిల్ తర్వాత జనం లేచి చోటిచ్చారు. అది టీవీ చేసిన మేలే. 2003లో జె.పి. దత్తా తీసిన 'ఎల్ఓసీ కార్గిల్'లో మేజర్ పద్మపాణి ఆచార్యగా నాగార్జున నటించారు. హైదరాబాదు నుంచి వెళ్ళిన ఆ మేజర్, రెండో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఉండి, 1999 జూన్ 28న ద్రాస్ కొండల మీద ప్రాణాలిచ్చారు. మహావీరచక్ర వచ్చింది. ఆ సినిమా లేకపోతే మా ఊళ్ళో ఆయన పేరు ఎంతమందికి తెలిసేది? గోదావరి దాటితే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఆ ఊరు పటాలానికి మనుషుల్ని పంపుతూనే ఉంది. వాళ్ళ కథ ఎవరో ఒకరు చెప్పాలనే ఏ సైనికుడి కుటుంబమైనా కోరుకుంటుంది. మా కుటుంబమూ కోరుకుంది.

కాబట్టి నా ప్రశ్న చూడాలా వద్దా అని కాదు. ఎలా చెప్పినది చూడాలి, చూశాక ఏం చేయాలి.

ఎలా చెప్పాలి అన్నదానికి మనవాళ్ళు చాలా ఆలోచించారు. భరతుడు నాట్యశాస్త్రంలో ఒక కట్టడి పెట్టాడు. యుద్ధం, రాజ్యం పోవడం, చావు, కోట ముట్టడి, వీటిని అంకంలో ప్రేక్షకుల కళ్ళెదుట చూపించకూడదు. ప్రవేశకాల ద్వారా, అంటే మరొకరి మాటల్లో తెలపాలి. ఇది చదివినప్పుడు నాకు మా వంటింటి తలుపే గుర్తొచ్చింది. ఇక మన తెలుగువాళ్ళు వందేళ్ళకు పైగా రాత్రంతా మేలుకుని చూసిన యుద్ధ నాటకం ఏది? తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం'. ఆ జంటలో చెళ్ళపిళ్ళవారు పుట్టింది మాకు దగ్గరలోని కడియంలోనే. మా చిన్నతనంలో తీర్థాలకి ఎక్కడ పందిరి వేసినా రాయబారం సీను ఉండాల్సిందే. యుద్ధం వద్దని చెప్పడానికి వెళ్ళిన కృష్ణుడి కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవారు. ఎలాగూ విఫలమవుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ప్రతిసారీ, ఈసారైనా దుర్యోధనుడు వింటాడేమో అన్నట్టు చూసేవారు. యుద్ధాన్ని ఆపే ప్రయత్నంలో ఇంత వీరరసం ఉందని కనిపెట్టిన కవులకి నేను చేతులెత్తి మొక్కుతాను. ఇవాళ్టి సీరియళ్ళలో ఆ రాయబారి ఎక్కడున్నాడు? ఉంటే చేతకానివాడిగానో, అడ్డుపడేవాడిగానో ఉంటున్నాడు.

సంజయుడు కథ చెప్పిన తీరు కూడా చూడాలి. పదో రోజున యుద్ధభూమి నుంచి పరుగున వచ్చి, రాజుతో మొట్టమొదట చెప్పిన మాట భీష్ముడు పడిపోయాడని. చావు కబురు ముందు. ఆ తర్వాతే సేనలు ఎలా నిలిచాయి, అర్జునుడు విల్లు ఎలా వదిలేశాడు, కృష్ణుడు ఏం చెప్పాడు అన్నవన్నీ. అంటే భగవద్గీత అంతా తాత పడిపోయాడని తెలిశాక ధృతరాష్ట్రుడి చెవిన పడిన మాటలే. ఎవరు గెలుస్తారు, ఎవరు చస్తారు అనే ఆత్రం వ్యాసుడు ముందే తీసేశాడు. ఇక మిగిలేది ఎందుకు, ఎలా అనే బాధ. ఇప్పటి సీరియల్ దీన్ని తిరగేస్తుంది. చావుని చివరిదాకా దాచిపెట్టి, ఎవరిదో చెప్పకుండా ఊరించి, వచ్చే భాగంలో చూడమంటుంది. మనిషి చావుని ఊరింపుగా వాడుకోవడం నాకు నచ్చదు, ఎంత గొప్పగా తీసినా నచ్చదు.

మా నాన్నమ్మకి ఈ ధర్మం తెలుసు. 1931 మార్చి 30న, గాంధీ ఇర్విన్ ఒప్పందం జరిగి నెల తిరగకముందే, మా వాడపల్లి స్వామి కళ్యాణోత్సవాల్లో పోలీసులు కాల్పులు జరిపారు. స్వామి రథం మీద గాంధీగారి పటం పెట్టారు, పోలీసులు తీసెయ్యమన్నారు, జనం తీయం అన్నారు. తూటాలకి భక్తులు రథం దగ్గరే ప్రాణాలు విడిచారు. నాన్నమ్మ ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఎప్పుడు చెప్పినా ముందు పోయినవాళ్ళ పేర్లు చెప్పేది. వాళ్ళ ఇళ్ళు ఏ వీధిలో ఉండేవో చెప్పేది. ఆ తర్వాతే రథం దగ్గరికి వచ్చేది. పిల్లలం "తుపాకీ ఎలా పేలింది మామ్మా?" అని మధ్యలో అడిగితే, "చెప్తానుండండి, ముందు వాళ్ళ సంగతి అవ్వనివ్వండి" అనేది.

అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఒక శీతాకాలం ఉన్నాను. పక్కింటి ముసలాయన రోజూ 'మాష్' అనే పాత సీరియల్ చూసేవాడు. కొరియా యుద్ధంలో సైనిక వైద్యుల కథ. నవ్వు ఎక్కువ, నవ్వు కింద దుఃఖం. కొరియా యుద్ధం జరిగింది మూడేళ్ళు, 1950 నుంచి 53 దాకా. సీరియల్ నడిచింది పదకొండేళ్ళు. యుద్ధం కన్నా దాని కథ ఎక్కువ కాలం బతికింది, అదీ ఆపరేషన్ బల్ల మీద నుంచి చెప్పడం వల్ల. గాయాన్ని కుట్టేవాడి కళ్ళతో చూపిస్తే చూసేవాడికి చప్పట్లు కొట్టాలనిపించదు. అదే యుద్ధానికి మన దేశం కూడా ఒక వైద్య దళాన్ని పంపింది. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో. ఆయనకి మహావీరచక్ర వచ్చింది. అలాంటి కథని మన టీవీలో వారం వారం చూడాలని నాకు ఎంత ఉందో చెప్పలేను.

2025 మే నెల వచ్చింది. ఏడో తేదీన ఆపరేషన్ సిందూర్. ఆ నాలుగు రోజులు వార్తలకీ నాటకానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోయింది. చదివేవాళ్ళ గొంతు వెనక విమాన దాడి సైరన్ మోగుతూనే ఉంది. ఇంట్లో చంటిది ఉలిక్కిపడి ఏడ్చేది. చివరికి మే 10న కేంద్ర పౌర రక్షణ విభాగమే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది, అవగాహన కార్యక్రమాల్లో తప్ప ఆ సైరన్ మోత వాడవద్దని, అలవాటైపోతే నిజంగా మోగినప్పుడు జనం పట్టించుకోరని. ఆ మోతల మధ్య, తెర అడుగున పరిగెడుతున్న అక్షరాల్లో ఒక పేరు వెళ్ళింది. మురళీ నాయక్. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా. అగ్నివీరుడు. నియంత్రణ రేఖ దగ్గర మే 9న పోయాడు. పైన తెరంతా బొమ్మల విమానాలు. కింద సన్నటి పట్టీలో ఆ అబ్బాయి. తమ్ముడు లేచి టీవీ కట్టేశాడు. మేనల్లుడు గానీ, చప్పట్లకి సిద్ధంగా కూర్చున్న పక్కింటి పిల్లలు గానీ ఒక్కరూ మాట్లాడలేదు.

చూశాక ఏం చేయాలి అన్నదానికి జవాబు స్త్రీపర్వంలో ఉంది. పద్దెనిమిది రోజులు గడిచి, దుర్యోధనుడు పోయాక, సంజయుడికి ఆ దివ్యదృష్టి పోతుంది. యుద్ధం చూడడానికి ఇచ్చిన చూపు యుద్ధంతోనే పోయింది. అప్పుడు వ్యాసుడి దయవల్ల గాంధారికి చూపు వస్తుంది. భర్త కోసం కళ్ళకి గంతలు కట్టుకున్న ఆ తల్లి యుద్ధం జరుగుతుండగా ఏమీ చూడలేదు. అయిపోయాక చూసింది. ఎవరు ఎవరిని కొట్టారన్నది ఆమె చూపులో లేదు. ఎవరి తల ఎవరి ఒడిలో ఉంది, ఏ కోడలు ఏ చేతిని వెతుక్కుంటోంది, నక్కలు ఎక్కడ తిరుగుతున్నాయి, ఇవే ఉన్నాయి. కౌరవుల కోసమే కాదు, అభిమన్యుడి కోసం ఏడుస్తున్న ఉత్తరని కూడా ఆమె చూసింది. భారతంలో యుద్ధం చూసిన చూపులు రెండు. ఒకటి సంజయుడిది, ఒకటి గాంధారిది. మన సీరియళ్ళు మొదటి చూపుతోనే ఆగిపోతాయి. మేజర్ పద్మపాణి పోయాక కొన్ని నెలలకి ఆయనకి కూతురు పుట్టింది. ఆ పాప మొదటి పుట్టినరోజున ఆ ఇల్లు ఎలా ఉందో చూపించే భాగం కావాలి నాకు. కేవలం ఏడిపించడానికి కాదు. ఆ భాగం లేకపోతే ముందు భాగాలన్నీ సగం నిజమే.

ఆ తర్వాత ధర్మరాజు ఏం చేశాడు? చనిపోయినవాళ్ళందరికీ దహన సంస్కారాలు చేయమన్నాడు. దూరదేశాల నుంచి వచ్చి, అడిగే దిక్కు లేకుండా పడిపోయిన వాళ్ళకి కూడా. ఇటువైపు వాళ్ళకీ, అటువైపు వాళ్ళకీ. ఆ పని ఎవరెవరికి అప్పగించాడో పేర్లు ఉన్నాయి. ధౌమ్యుడు, విదురుడు, యుయుత్సుడు. వాళ్ళతో పాటు సంజయుడు.

ముప్పై ఏళ్ళు భారతం చెప్పి కూడా ఆ పేరు దగ్గర నేను ఆగలేదు. రిటైరయ్యాక ఆగాను. యుద్ధమంతా చూసినవాడు చివరికి కట్టెలు పేర్చాడు. చూసినందుకు బాకీ అది. చూపు ఊరికే రాలేదు. ఎవరి చావు నువ్వు చూశావో వాళ్ళకి నువ్వు ఏదో ఒకటి చేయాలి, వాళ్ళు నీవాళ్ళు కాకపోయినా సరే. ధర్మం ఇదేనని నేను నమ్ముతున్నాను.

మా అమ్మ ఇది చదవలేదు. 1999 జూలైలో టైగర్ హిల్ మన చేతికి వచ్చాక, రోజూ వార్తల్లో ఒక సంగతి చెప్పేవారు. కొండల మీద అటువైపు సైనికుల దేహాలు పడి ఉన్నాయి. వాళ్ళు మా సైనికులు కారు అంటూ పాకిస్తాన్ వాటిలో చాలావాటిని తీసుకోలేదు. మన సైన్యమే వాళ్ళ మతాచారం ప్రకారం, అక్కడే రాళ్ళ మధ్య ఖననం చేసింది. కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ అనే ఒకాయన దేహాన్ని మాత్రం, ఈయన ఎంతో ధైర్యంగా పోరాడాడని మన బ్రిగేడియర్ బాజ్వా చీటీ రాసి జేబులో పెట్టి పంపితే, వాళ్ళ దేశం వాళ్ళు అత్యున్నత పతకం ఇచ్చుకున్నారు. మిగతావాళ్ళు ఆ కొండల మీదే ఉండిపోయారు.

ఆ వార్త విన్న ఒక రాత్రి అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. అన్ని రోజుల్లో అదొక్కసారే. గడపలో నిలబడి, "కన్నవాళ్ళు ఉండగా మాకొద్దన్నారా?" అని అడిగింది. అందరం టీవీ వైపే చూస్తున్నాం, ఎవరం జవాబు చెప్పలేదు.

ఆమె మొదటి మొక్కు జూలై 17న ఏడో శనివారంతో తీరింది. తమ్ముడు క్షేమంగా ఉన్నాడని అప్పటికే కబురు వచ్చింది. జూలై 24న, శనివారం, చూస్తే మళ్ళీ గోదావరికి బయల్దేరుతోంది. మొక్కు అయిపోయిందిగా అన్నాను. "ఇది వేరే" అంది. వానల్లో, వరద నీరు ఎర్రగా మెట్ల మీదికి వస్తుంటే, ఏడు శనివారాలూ తిరిగింది. సెప్టెంబరు 4న పూర్తయింది. ఎవరి కోసమో మాకు చెప్పలేదు.

నవంబరులో తమ్ముడు సెలవు మీద వచ్చాడు. రెండో రాత్రి అన్నం పెడుతూ వాడికి చెప్పింది. ఆ కొండ మీద ఉండిపోయినవాళ్ళ కోసం తిరిగానని. వాడు కలిపిన ముద్ద అలాగే పట్టుకుని, "అమ్మా, అవి మేం వేసిన గుళ్ళే అయి ఉండొచ్చు" అన్నాడు.

"అందుకేరా" అంది అమ్మ.

ఆ శనివారం వాడు ఆమె వెంట వెళ్ళాడు. అమ్మ పోయి పద్నాలుగేళ్ళయింది. తమ్ముడు మాత్రం ఊళ్ళో ఉన్న ఏ శనివారమూ మానలేదు. తెల్లవారుజామున, జనం రాకముందే వెళ్తాడు. ఏడు చుట్లు తిరిగి, ఏమీ అడగకుండా ఇంటికి వస్తాడు.